లోగో మనదా, ప్లాంటు మనదా?

'మన కంపెనీ కారే కొనాలి' అని ఫార్వర్డ్ చేసే ముందు ఒక్కసారి సూళ్లూరుపేట దగ్గర్లోని శ్రీసిటీ వైపు చూడండి. ఇసుజు జపాన్ కంపెనీయే, కానీ 2016 నుంచి పికప్‌లు తయారయ్యేది ఇక్కడే. కొరియా కియా 2019 నుంచి పెనుకొండలో కార్లు చేస్తోంది. మనదే అనుకునే మారుతిలో మెజారిటీ వాటా సుజుకిది! ఇక ఏది స్వదేశీ?

అలాగని గుడ్డిగా నమ్మొద్దు. 2021లో ఫోర్డ్ అమెరికాలో ఓ నిర్ణయం తీసుకుంది, చెన్నై ప్లాంటు మూతపడింది. గుజరాత్‌లోని సాణంద్ ప్లాంటును మాత్రం టాటా కొనుక్కుని, అక్కడి ఉద్యోగులకూ అవకాశమిచ్చింది. స్వదేశీ వాదానికి నా దృష్టిలో గట్టి బలం ఇదొక్కటే.

నేనైతే షోరూంలో లోగో కాదు, విడిభాగాలు ఎక్కడివో అడుగుతా. ఇంటర్వ్యూకు వెళ్తే మీరూ అడగండి: ఇంజిన్ ఇక్కడే చేస్తున్నారా, తెచ్చి బిగిస్తున్నారా?