పోయిన గేములన్నీ కచరాయేనా?

మొన్న ఈద్ రోజు షీర్ ఖుర్మా తాగుతూ మా భాంజా ఒక మాటన్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, పాత వీడియో గేముల షౌక్ ఉంది. "మామూ, ఆ జమానా గేముల్లో దమ్మున్నవి ఇప్పటికీ ఆడుతున్నారు. మిగిలినవి కచరా కాబట్టే పోయాయి." పండగపూట తకరార్ ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడు పండగ అయిపోయింది.

ఇది వాడొక్కడి మాట కాదు. మార్కెట్టే ఖాజీ అయినట్టు, దాని ఫైసలాకు అప్పీలే లేనట్టు చాలామంది మాట్లాడతారు. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. జనం వదిలేసిందంతా పనికిరానిదే అనే దలీల్ నా ముందు పెట్టకండి. ఆ లెక్కన నా చదువూ కచరాయే.

ముందు ఆ కచరా ఖిస్సానే చూద్దాం. 1983లో అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. అటారీ కంపెనీ అమ్ముడుపోని సరుకును లారీలకెత్తి, న్యూ మెక్సికోలో అలమగోర్డో ఊరి చెత్తదిబ్బలో పూడ్చేసింది. 'ఈ.టీ.' అనే గేము అంత దరిద్రంగా ఉందనీ, షరమ్‌తో దాన్ని దఫన్ చేశారనీ ముప్పై ఏళ్లు చెప్పుకున్నారు. 2014లో తవ్వారు. సుమారు 1,300 క్యాసెట్లు బయటికొచ్చాయి. 'ఈ.టీ.' ఉంది, నిజమే. దాని పక్కనే 'సెంటిపీడ్' ఉంది, 'ఆస్టరాయిడ్స్' ఉంది, జనం ఎగబడి ఆడిన గేములు. గోదాము నిండిపోతే మంచిదీ చెడ్డదీ ఒకే గుంతలో పడ్డాయి. అంతే సంగతి.

ఆ 'ఈ.టీ.'ని హోవార్డ్ స్కాట్ వార్షా అనే ఒక్క మనిషి ఐదు వారాల్లో రాశాడు. క్రిస్మస్‌కల్లా దుకాణాల్లో ఉండాలని కంపెనీ హుకుం. అంతకు ముందు 'యార్స్ రివెంజ్' లాంటి ఉమ్దా గేము చేసింది కూడా ఇతనే. తిట్లు మాత్రం ఇతని ఖాతాలో పడ్డాయి. ఐదు వారాలు చాలన్నవాళ్ల పేర్లు చెప్పమంటే మా భాంజా నోరు తెరవలేదు.

అసలు ఆ రోజుల్లో గేము చేసినవాడి పేరు డబ్బా మీద వేసేవాళ్లే కాదు. మా ఇంట్లో నానాజాన్ కాలంనాటి ఉర్దూ కితాబులున్నాయి. చేత్తో రాసిన కాతిబ్ పేరు కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. కోట్లు సంపాదించిన అటారీకి ఆ పాటి తమీజ్ లేకపోయింది. వారెన్ రాబినెట్ అనే కుర్రాడు 'అడ్వెంచర్' గేములో ఒక రహస్య గది కట్టి, దాంట్లో తన పేరు దాచాడు. కంటికి ఆనని ఒక చుక్కను మోసుకెళ్తేనే ఆ గదికి దారి. గేము బయటికొచ్చేనాటికి అతను కంపెనీలో లేడు. తన మెహనత్ మీద తన పేరు దొంగచాటుగా రాసుకోవాల్సిన ఖర్మ ఏమిటి? 1979లో కొందరు అటారీ నుంచి బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టుకున్నారు. చేసినవాడి పేరు బయటికి చెప్పడం అక్కడ మొదలైంది.

ఇంతకీ క్యాసెట్ అంటే? కార్ట్రిడ్జ్ అనేది దాని అసలు పేరు, మన మహల్లాలో ఎవరూ అలా అనలేదు. 1976లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 'ఛానల్ ఎఫ్' అనే మెషీన్ తెచ్చింది. అప్పటిదాకా ఇంటి గేము మెషీన్లలో ఆటలు లోపలే బిగించి ఉండేవి. చిప్పులో ఆటను నింపి, డబ్బాలో పెట్టి, మార్చి మార్చి గుచ్చుకునే తరీఖా ఇంటింటికీ తెచ్చింది ఇదే. ఆ ఇంజనీర్ల టీముకు ముఖియా జెర్రీ లాసన్, బ్రూక్లిన్‌లో పుట్టిన నల్లజాతీయుడు. ఒక్కడే కనిపెట్టాడని కొందరు రాస్తారు, అదీ తప్పే. తొలి నమూనా ఆల్పెక్స్ కంపెనీలో వాలెస్ కిర్‌ష్నర్, లారెన్స్ హాస్కెల్ చేశారు. దాన్ని ఇంట్లో పిల్లలు వాడగలిగే సామానుగా మలిచింది లాసన్ టీము. మరుసటి ఏడాది అటారీ మెషీన్ వచ్చి మార్కెట్ ఊడ్చేసింది, ఛానల్ ఎఫ్‌ను జనం మర్చిపోయారు. లాసన్‌కు గేముల పరిశ్రమ సన్మానం చేసింది 2011 మార్చిలో. ఏప్రిల్‌లో ఆయన పోయారు.

1990లలో మా చాచా సౌదీ నుంచి టీవీ గేము తెచ్చారు. పసుపుపచ్చ క్యాసెట్, దాని మీద 99999 గేములని రాసి ఉంది. లెక్కపెడితే పది కూడా లేవు, అవే తిరిగి తిరిగి వచ్చేవి. ఆ నకిలీ క్యాసెట్లలో చాలావాటికి తెర మీద కంపెనీ పేరు కూడా చెరిపేసేవారు. అటారీ కారీగర్ పేరు మింగింది, నకిలీవాడు అటారీలాంటివాళ్ల పేరూ మింగాడు. ఇద్దరిదీ ఒకటే నీయత్.

ఇప్పుడు దమ్మున్నవే మిగిలాయన్న మాటకొద్దాం. మాటెల్ కంపెనీ ఇంటెలివిజన్ మెషీన్‌కు డాన్ డాగ్లో 1980ల మొదట్లో 'యుటోపియా' అనే గేము చేశాడు. ఇద్దరు ఆడాలి, చెరొక దీవి. బంగారం ఖర్చుపెట్టి పొలం, ఇళ్లు, బడి, దవాఖానా, ఫ్యాక్టరీ కట్టాలి. మబ్బు పొలం మీదుగా పోతే ఆమదనీ. తుఫాను వస్తే కట్టినదంతా ఖతమ్. చేపల గుంపు మీదికి పడవ నడిపితే పైసలు, దొంగల ఓడ ఎదురైతే పడవ మునుగుతుంది. జనాన్ని పట్టించుకోకపోతే బగావత్. డబ్బిచ్చి ఎదుటివాడి దీవిలో బగావత్ లేపొచ్చు కూడా, అది మాత్రం మన రాజకీయాల్లాగే ఉంది. ఊర్లు కట్టే గేముగా లోకమంతా ఎరిగిన 'సిమ్‌సిటీ' 1989లో వచ్చింది. దానికి ఎన్నో ఏళ్ల ముందే ఇది ఉంది. పదిమందికి చెప్పండి, పదిమందీ వినలేదంటారు. ఇది కచరానా?

వెతికి ఆడదామన్నా దొరకనిస్తారా? అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేముల్లో 87 శాతం ఇప్పుడు దుకాణంలో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. దొరకనివాటిని లైబ్రరీలు పరిశోధకులకు దూరం నుంచే చూపించే ఇజాజత్ అడిగితే, కంపెనీల సంఘం అడ్డుపడింది. 2024 అక్టోబర్‌లో అక్కడి కాపీరైట్ ఆఫీసు కాదంది. అమ్మరు, అమానత్‌గా దాచేవాణ్ణి చూపించనివ్వరు. దొంగ క్యాసెట్ అమ్మడం నాజాయజ్ అని నేనూ అంటాను. లైబ్రరీ బీరువాలో ఉన్నదాన్ని చూడటం దానితో సమానమెలా అవుతుందో ఎవరైనా సమ్‌ఝాయించండి. ఫత్వా కావాలంటే ముఫ్తీ సాబ్‌ను అడగండి, నేను అఖ్బార్‌వాణ్ణి.

పాత ఇంటెలివిజన్ గేముల కలెక్షన్ ఒకటి కొనే దారిలోనే దొరికింది, యుటోపియా అందులో ఉంది. జుమ్మా రోజు అసర్ తర్వాత భాంజాను పిలిచి కూర్చోబెట్టాను. బొమ్మలు చూసి నవ్వాడు. పావుగంటలో నా చేపల పడవ ముంచేశాడు, నేను దవాఖానా కట్టేలోపు నా దీవిలో బగావత్ లేపాడు. మగ్రిబ్ అజాన్ దాకా లేవలేదు. ఓడింది నేనే.

మీ అటక మీదో సందూక్‌లోనో గల్ఫ్ నుంచి వచ్చిన టీవీ గేమూ, క్యాసెట్లూ ఉంటే కబాడీవాడికి వేయకండి. క్యాసెట్ ముందూ వెనకా ఫొటో తీసి పంపండి, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు తెచ్చారో రాయండి. నేనూ భాంజా కలిసి ఒక ఫెహరిస్త్ మొదలుపెట్టాం. పేరు చెరిపేసిన గేములకు అసలు పేర్లు వెతకడం వాడి పని.