మురుగునీటికి జవాబుదారి యెవరు?

ప్రజలకు మేలొనర్చుటకై శాసనము ఒక సంస్థకు అధికారము నొసంగినపుడు, ఆ యధికారము పొరుగువానికి కీడొనర్చుటకును అనుమతిపత్రము కాగలదా? కాజాలదని ఆంగ్లదేశపు సుప్రీంకోర్టు 2024 జులై 2వ తేదీన తీర్పు చెప్పినది. పురములయందు నివసించు మన పాఠకు లెల్లరును ఆ తీర్పును గమనింపవలెను.

1989లో ఇంగ్లండు, వేల్సులయందలి నీటిసరఫరాయు మురుగునీటి పారుదలయు ప్రైవేటు కంపెనీల చేతులలోనికి పోయినవి. వాయవ్యభాగమున ఈ పని నిర్వహించు యునైటెడ్ యుటిలిటీసు కంపెనీ, శుద్ధిచేయని మురుగునీటిని అప్పుడప్పుడు మాంచెస్టరు ఓడకాలువలోనికి వదలుచుండెను. 1894లో ప్రారంభింపబడిన ఆ కాలువకు యజమాని వేఱొక కంపెనీ. తమ పనిని విచారించుటకు 1991 నాటి శాసనము నియంత్రణాధికారిని ఏర్పఱచియున్నదనియు, అజాగ్రత్తయో బుద్ధిపూర్వకమైన దోషమో లేనిచో కాలువ యజమానికి దావా హక్కు లేదనియు మురుగు కంపెనీ వాదించెను. క్రింది కోర్టులు రెండును ఔననెను.

సుప్రీంకోర్టు ఏకగ్రీవముగ వానిని త్రోసివేసినది. సొత్తును కాపాడుకొను హక్కు పౌరునికి తరతరములుగ వచ్చినది. శాసనము స్పష్టముగనో, తప్పనిసరి సూచనగనో తీసివేసిననే తప్ప అది పోదు. 2003లో ప్రభువుల సభ థేమ్సు వాటరు కంపెనీపై ఒక గృహస్థుని దావాను నిరాకరించిన మాట నిజమే. కాని అచటి ఫిర్యాదు చాలినన్ని క్రొత్త కాలువలు కట్టలేదని. ఇచటి ఫిర్యాదు పరుని నీటిలో మురుగు పోయుచున్నారని. నియంత్రణాధికారి పనికి భంగము కలుగునెడ కోర్టు నిషేధాజ్ఞ నీయక నష్టపరిహారముతో సరిపెట్టవచ్చును. న్యాయస్థానపు తలుపు మాత్రము మూయబడదు.

జరిమానాలు చాలవా యని కొందఱందురు. 2021లో సదరన్ వాటరు కంపెనీకి 9 కోట్ల పౌనులు, 2025లో థేమ్సు వాటరుకు 12 కోట్ల 27 లక్షల పౌనులు జరిమానా పడినది. థేమ్సు జరిమానాలో 1 కోటి 82 లక్షలు వాటాదారులకు లాభములు పంచిన దోషమునకే! అయినను జరిమానా రాజ్యము విధించు దండనము. నష్టపడినవాని కష్టమును తీర్చునది పరిహారమే. దావాలు పెరిగిన పన్నులు పెరుగునందురా? కట్టవలసిన కాలువలు కట్టక మిగిల్చిన ధనమునకు మూల్యము నేడు గట్టుననున్నవాడు చెల్లించుచునే యున్నాడు. ఆ భారము లాభములు పంచుకొన్నవారిపై పడుట ధర్మము.

ఈ ధర్మము మనకు క్రొత్తది కాదు. 1980లో రత్లాం మునిసిపాలిటీ, కాలువలు కట్టుటకు ద్రవ్యము లేదని చెప్పుకొనగా, భారత సుప్రీంకోర్టు ఆ సాకును చెల్లనీయలేదు. బొక్కసము వట్టిదైనంత మాత్రమున ప్రజలు దుర్గంధమున బ్రతుకవలెనను న్యాయము లేదు.

మురుగు పారించువాడు మునిసిపాలిటీయే కానిండు, కంపెనీయే కానిండు, బాధ్యత యొక్కటియే. మన పురములలో ఈ పనిని ఎవరికైన నప్పగించునపుడు, ఒడంబడికలో నష్టపడిన పౌరుని దావా హక్కు భద్రముగ నున్నదా యని పురజనులు ముందుగ నడుగవలెను. అడుగనివానికి హక్కు కాగితముమీదనే నిలుచును. మురుగు మాత్రము గుమ్మములోనికి వచ్చును.