కొల్లేటికోట మట్టికీ ఓ హద్దు
ముదినేపల్లి మండలం చిగురుకోటకు ఓ యుద్ధకథ ఉంది. కొల్లేటికోట లంకలోని గజపతుల దుర్గాన్ని పట్టడానికి శత్రువు ఇక్కడే దండు దించి, కొల్లేరు సరస్సు నీళ్లు సముద్రంలోకి పోయేలా ఉప్పుటేరు తవ్వించాడట. రాతికొండలు లేని ఈ లంకసీమలో నీళ్లే కందకం. అయితే కోటంటే రాయే అనుకుని మట్టిని తక్కువగా చూడటం పొరపాటు: 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సేన ఓరుగల్లులో ముందు ఎదుర్కొన్నది మట్టికోటనే, ఆ కట్ట నేటికీ నిలిచి ఉంది. కొల్లేరులోనేమో చేపల చెరువుల కోసం పొక్లెయిన్లు నేల రూపే మార్చేశాయి; ఏది పాత దిబ్బో, ఏది నిన్నటి గట్టో పోల్చుకోవడం కష్టం. 1999లో పక్షుల కోసం ఐదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా అభయారణ్యం ప్రకటించిన ప్రభుత్వం, చిగురుకోట, కొల్లేటికోట దిబ్బలనూ పురావస్తు శాఖతో కొలిపించి, వచ్చే వేసవి చెరువుల తవ్వకాలకు ముందే పటంలో హద్దులు గీయించాలి.