బీడీకి పన్ను పెంచాలి, ఆ పైసలు చేసేవాళ్లకే దక్కాలి

2026 ఫిబ్రవరి 1న పొగాకు పన్నులు మారాయి. సిగరెట్‌పై జీఎస్టీ 40 శాతానికి పెరిగింది. దానికి తోడు పొడవును బట్టి వెయ్యి సిగరెట్లకు రూ.2,050 నుంచి రూ.8,500 దాకా ఎక్సైజ్ సుంకం పడింది. అదే రోజు బీడీపై జీఎస్టీ మాత్రం 28 నుంచి 18 శాతానికి దిగింది. బీడీ చుట్టే తునికాకుకు 18 శాతం ఉన్న పన్నును 5 శాతం చేయాలని 2025 సెప్టెంబరు 3నే జీఎస్టీ మండలి తీర్మానించింది. బీడీకి మినహాయింపు అడిగినప్పుడల్లా వినిపించే కారణం ఒక్కటే, కార్మికుల బతుకుదెరువు. అంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో చాట ముందు పెట్టుకొని పొద్దంతా వంగి కూర్చునే మన ఆడవాళ్ల పేరు చెప్పి ఈ తగ్గింపు వచ్చింది.

ఈ తగ్గింపు తప్పు. బీడీ పన్ను పెంచాలి, పెంచగా వచ్చిన ప్రతి రూపాయీ బీడీలు చేసేవాళ్లకే చేరాలి. ఇంటింటా ఆకు కత్తిరించే చోట ఈ మాట ఎంత గుచ్చుకుంటుందో తెలిసే రాస్తున్నాం.

పన్ను వేస్తే తాగేవాడు మానతాడా, ఇంట్లో పప్పు ఉప్పు తగ్గించయినా తాగుతాడు కదా అని చాలామంది అంటారు. కొందరి విషయంలో అది నిజమే. కానీ జనం మొత్తాన్ని చూస్తే లెక్క వేరేగా ఉంది. ధర 10 శాతం పెరిగితే వాడకం 4 నుంచి 5 శాతం తగ్గుతుందని ఎన్నో దేశాల అనుభవం చెబుతోంది. ఫ్రాన్స్‌లో 1990 నుంచి 2005 లోపు సిగరెట్ ధర మూడింతలయ్యేదాకా పన్నులు పెంచితే వాడకం సగానికి పడిపోయింది. దక్షిణాఫ్రికాలోనూ 1990ల నుంచి పన్నులు పెంచుకుంటూ పోయాక తాగడం బాగా తగ్గింది. పెరిగిన ధర అందరికన్నా ముందు ఆపేది ఇంకా అలవాటు పడని కుర్రవాడిని. తర్వాత కూలి డబ్బుతో కొనుక్కునేవాడిని. బీడీ తాగేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో రకమే.

మన దేశంలో జరిగిందీ చూద్దాం. వయోజనుల పొగాకు వాడకంపై కేంద్ర ఆరోగ్య శాఖ చేయించిన జాతీయ సర్వేల ప్రకారం 2009-10లో సిగరెట్ తాగేవారు 5.7 శాతం, 2016-17 నాటికి 4 శాతం. అదే కాలంలో బీడీ తాగేవారు 9.2 శాతం నుంచి 7.7 శాతానికి వచ్చారు. సిగరెట్ దాదాపు మూడో వంతు తగ్గితే బీడీ ఆరో వంతు తగ్గింది. ఇందులో ప్రచారం పాత్ర, చదువు పాత్ర ఉన్నాయి. కానీ సిగరెట్ మీద బడ్జెట్ తర్వాత బడ్జెట్ సుంకం పెరిగిన ఆ ఏళ్లలో బీడీని సర్కారు ముట్టుకోవడానికే జంకిందన్నది కాదనలేని సంగతి. ఇప్పుడు ఆ దూరం ఇంకా పెరిగింది. సిగరెట్ కొనలేనివాళ్లంతా మానేయరు, కొందరు పక్కనే చౌకగా దొరికే బీడీకి మళ్లుతారు. బీడీ పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కు ఏమాత్రం తీసిపోవు. మాటిమాటికీ ఆరిపోతుంది గనుక గట్టిగా, ఎక్కువసార్లు పీల్చాలి. ఏటా 13 లక్షలకు పైగా ప్రాణాలను పొగాకు తీస్తున్న దేశంలో ఒక పొగకు శిక్ష వేసి ఇంకో పొగకు రాయితీ ఇవ్వడం ఆరోగ్య విధానం కాదు.

చిల్లర లెక్క కూడా చెప్పుకోవాలి. 18 శాతం జీఎస్టీ అంటే కట్ట ధరలో దాని వాటా 15 శాతం చిల్లరే. చిల్లర ధరలో పన్ను కనీసం 75 శాతం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంత దూరం ఒక్క అంగలో పోలేం. పోవాలని మేం అనడం లేదు. కానీ వెనక్కి నడవడం ఎందుకు?

బీడీ యాజమాన్యాలు రెండు మాటలు చెబుతాయి. పన్ను పెంచినా తాగేవాళ్లు తాగుతూనే ఉంటారన్నది ఒకటి. పన్ను పెంచితే బీడీలు అమ్ముడుపోక లక్షలమంది పని పోతుందన్నది రెండోది. తాగడం తగ్గకపోతే పని పోదు. పని పోతోందంటే తాగడం తగ్గినట్టే. రెండూ ఒకేసారి నిజం కాలేవు. రెండో మాటే నిజమని మేం ఒప్పుకుంటున్నాం. పన్ను పనిచేస్తుంది, పని తగ్గిస్తుంది. అందుకే ఆ ఆడవాళ్ల సంగతి తేల్చకుండా పన్ను గురించి మాట్లాడడం అన్యాయం.

ఆ సంగతికి ముందు, పన్నుకు తోడుండే ఆంక్షల గురించి క్లుప్తంగా. 2008 అక్టోబరు 2న బహిరంగ స్థలాల్లో పొగ తాగడంపై నిషేధం అమల్లోకి వచ్చింది. ఆర్టీసీ బస్సుల్లో, సినిమా హాళ్లలో ఒకప్పటి పొగ ఇవాళ లేదు. గట్టిగా నిలబడ్డచోట చట్టం పనిచేసింది. బడికి వంద గజాల లోపు అమ్మకూడదన్న నిబంధన, 18 ఏళ్ల లోపు వారికి అమ్మకూడదన్న నిబంధన మాత్రం చాలా ఊళ్లలో కాగితం దాటి రాలేదు. 2016 నుంచి ప్యాకెట్‌పై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. ఒక్కొక్కటిగా విడిగా కొనేవాడికి ఆ బొమ్మ కనబడేదెప్పుడు? పూర్తి నిషేధం పరిష్కారమనేవాళ్లు భూటాన్‌ను చూడాలి. 2004లో అమ్మకాలు నిషేధించి, దొంగ రవాణాతో విసిగి 2021లో ఎత్తేసింది. మన దగ్గర గుట్కా నిషేధమూ అంతే, సరుకు సరిహద్దు దాటి వస్తూనే ఉంది.

ఇక అసలు విషయం. తక్కువ పన్ను మన ఆడవాళ్లకు ఇన్నేళ్లలో ఏమిచ్చింది? భర్త దుబాయికో మస్కట్‌కో పోయిన ఇంట్లో, మరమగ్గం ఆగిపోయిన సిరిసిల్ల ఇంట్లో పొయ్యి వెలిగించింది బీడీయే. పెళ్లిచూపుల్లో పిల్లకు బీడీలు చేసుడు వస్తదా అని అడిగిన కాలం ఇక్కడ అందరికీ గుర్తుంది. ఆ రుణం కాదనలేం. కానీ కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఇచ్చిన ఆకు చాలకపోతే బయట కొనుక్కోవాలి. బాగాలేవని పక్కన తీసేసిన బీడీలకు పైసా రాదు. నెలలో సగం రోజులు పని దొరికితే గొప్ప. ఇదంతా పన్ను తక్కువగా ఉన్న కాలంలోనే జరిగింది. తంబాకు దుమ్ము పీల్చి దగ్గు, రోజంతా వంగి నడుము నొప్పి, దీపం పెట్టే వేళకు మసకబారే కళ్లు ఎవరి ఖాతాలో వేయాలి? ముట్టించని మనిషికి కూడా పొగాకు జబ్బు తెచ్చే పని ఇది.

1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బీడీల మీద సెస్ వసూలు చేసి పిల్లల ఉపకార వేతనాలకు, ఇళ్లకు, దవాఖానాలకు ఖర్చు పెట్టేవారు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సెస్ పోయింది, నిధికి సొంత ఆధారమూ పోయింది. బీడీ మీద 28 శాతం వసూలైన ఏళ్లలో కూడా ఇందులో ఇంత కార్మికులదని రాసిపెట్టిన వాటా లేదు. ఆదుకున్నది రాష్ట్ర ప్రభుత్వ జీవనభృతి. 2015లో రూ.1,000తో మొదలై 2019లో రూ.2,016 అయింది. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్నవారికే అన్న షరతుతో ఆ భృతి మొదలైంది. అదే చాట ముందు, అదే ఆకుతో పనిచేస్తూ ఒకరికి పింఛను, పక్కనున్న మనిషికి లేదు.

కాబట్టి మా డిమాండు స్పష్టం. ధరలో శాతంగా కాకుండా, సిగరెట్‌కు వేసినట్టే వెయ్యి బీడీలకు ఇంత అని సుంకం వేయాలి, ఏటా కొంత పెంచాలి. ఆ మొత్తం కేంద్ర ఖజానాలో కలిసిపోకుండా బీడీ కార్మికుల నిధికి వెళ్లేలా చట్టం చేయాలి. అందులోంచి నలభై అయిదు దాటినవారికి తేదీల షరతు లేని పింఛను, అంతకన్నా చిన్నవాళ్లకు వేరే పని నేర్చుకునే కాలమంతా నెలనెలా భృతి ఇవ్వాలి. కంపెనీకీ కార్మికులకూ మధ్య ఉండే టేకేదారులను, బీడీ కట్టలు ప్యాక్ చేసేవారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వేరే పని ఎక్కడిదంటారా? 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు సిరిసిల్లలో మగ్గాలు మళ్లీ ఆడాయి. సర్కారు కొంటానంటే పని పుడుతుందని ఆ ఊరు చూసింది. సిరిసిల్ల దగ్గరి పెద్దూరు అపారెల్ పార్కులో కుట్టు మిషన్ల ముందు కూర్చున్నది ఎక్కువగా ఆడవాళ్లే. కోరుట్ల, మెట్‌పల్లి పసుపు పండించే నేల, జగిత్యాల మామిడికి పెట్టింది పేరు. నిజామాబాద్‌లో పసుపు బోర్డు కార్యాలయం తెరిచారు. పసుపు పొడి చేసి ప్యాకెట్లలో నింపే పని, మామిడి శుద్ధి చేసే పని జగిత్యాల జిల్లాలోనే జరగాలి, అందులో మొదటి హక్కు బీడీ కార్డున్న మహిళకు ఉండాలి. 2015లో మూతపడ్డ ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు ఇంకా వాగ్దానాలే వినబడుతున్నాయి, అలాంటి ఇంకో వాగ్దానం మాకొద్దు. పన్ను పెరిగే తేదీకి ముందే మొదటి నెల భృతి ఖాతాలో పడాలి. పార్లమెంటులో మన ప్రాంతం తరఫున కూర్చున్నవారు ఇప్పటిదాకా బీడీకి తగ్గింపు అడిగారు. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఈ నిధిని అడగాలి.