విప్పితే గానీ కనిపించని రింగు

2022 సెప్టెంబరు 4న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఫ్రైడే హార్బర్ నుంచి రెంటన్‌కు బయల్దేరిన నీటి విమానం ఒకటి విడ్బీ దీవి పక్కన మ్యూటినీ బేలో కూలిపోయింది. పైలట్‌తో కలిపి అందులో ఉన్న 10 మందీ చనిపోయారు. అది డీహావిలాండ్ కెనడా వారి డీహెచ్‌సీ-3 ఆటర్, 1967 నాటి విమానం. సాఫీగా పోతున్నది ఒక్కసారిగా ముక్కు దించి నిట్టనిలువునా పడిందని ఒడ్డున ఉన్నవాళ్లు చెప్పారు.

శకలాలను సముద్రం అడుగు నుంచి పైకి తీశాక, జాతీయ రవాణా భద్రతా బోర్డు పరిశోధకులకు తోకలోని ట్రిమ్ యాక్చుయేటర్ రెండు భాగాలుగా దొరికింది. అది విరగలేదు. మర కూడా చెడలేదు. బ్యారెల్ అనే గొట్టానికి బిగించిన నట్టు మెల్లమెల్లగా తిరిగి మర నుంచి ఊడి వచ్చింది, అంతే. ఆ నట్టు తిరగకుండా పట్టి ఉంచాల్సిన సన్నని లాక్ రింగ్ మాత్రం అక్కడ లేదు.

ట్రిమ్ అంటే పైలట్ చేతికి విశ్రాంతి ఇచ్చే ఏర్పాటు. ప్రయాణికులు ఎక్కడ కూర్చున్నారు, ఇంధనం ఎంత ఖర్చయింది, వేగం ఎంత అన్నదాన్ని బట్టి విమానం ముక్కు పైకి లేస్తానంటుంది, లేదా కిందికి దిగుతానంటుంది. గంటల తరబడి కంట్రోలును గుంజి పట్టుకునే బదులు పైలట్ పక్కనున్న చిన్న చక్రం తిప్పి ఆ బరువు తీసేసుకుంటాడు. సెస్నా 172లో ఆ చక్రం గొలుసును, గొలుసు కేబుళ్లను, కేబుళ్లు తోకలోని మర యాక్చుయేటర్‌ను తిప్పుతాయి. అక్కడి నుంచి ఒక పొట్టి గొట్టం కుడివైపు ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక భాగం) చివరనున్న ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న రేకును తోస్తుంది, లాగుతుంది. ఆటర్‌లో అయితే తోకలోని అడ్డ రెక్క మొత్తం కదులుతుంది. ఎలా కదిలినా, నడుమ ఒక్క లంకె తెగితే ఆ రేకో రెక్కో గడియ ఊడిన తలుపులా గాలికి కొట్టుకుంటుంది. తలుపు కొట్టుకుంటే చప్పుడే. విమాన వేగంలో ఆ కొట్టుకోవడం క్షణాల్లో తోకను చీల్చేయగలదు.

2011 సెప్టెంబరు 16న నెవాడాలోని రెనో విమాన పందేల్లో జరిగింది ఇలాంటిదే. ‘గ్యాలపింగ్ ఘోస్ట్’ అనే పీ-51 పందెం విమానం గంటకు 800 కిలోమీటర్లు దాటిన వేగంలో ఉండగా ఎడమ ట్రిమ్ ట్యాబ్ ఊగిపోయి ఊడిపడింది. పైలట్ జిమ్మీ లీవార్డ్, 10 మంది ప్రేక్షకులు మరణించారు. పరీక్షించకుండా చేసిన మార్పులు ఉన్నాయి, నిజమే. కానీ ఆ ఊపుకు దారి ఇచ్చినవి ట్యాబ్‌ను పట్టి ఉంచే నట్లు. ఒక్కసారి వాడి పారేయాల్సిన లాక్ నట్లనే మళ్లీ బిగించారు. వాటిలోపలి పట్టు ఎప్పుడో అరిగిపోయింది. విమానం ఖరీదుతో పోలిస్తే ఆ నట్ల ఖరీదు లెక్కలోకే రాదు.

చిన్న విమానాల ప్రపంచంలో పాతవే ఎక్కువ. సెస్నా 172 తయారీ 1956లో మొదలై 1986లో ఆగింది, పదేళ్ల తర్వాత మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఎగురుతున్నవాటిలో 40 ఏళ్లు దాటినవి లెక్కలేనన్ని. అలాంటి విమానాన్ని చూడగానే ఇంజను గంటలెన్ని, రెక్కలో పగుళ్లున్నాయా అని అడుగుతారు. కొనేవాడూ అదే అడుగుతాడు, అమ్మేవాడూ అదే చెబుతాడు. తోకలోని జానెడు గొట్టం సంగతి ఎవరూ ఎత్తరు.

ఆ గొట్టం ముసలితనం బయటికి కనిపించదు. లోపల చేరిన తేమ లోపలి నుంచే తింటుంది. పైన పెయింటు నిగనిగలాడుతుంటే కింద గోడ పలచబడుతుంది. బోల్టు పట్టే రంధ్రం కాలక్రమంలో కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. కొన్ని పాత సెస్నాల ట్రిమ్ ట్యాబ్‌లో నింపిన ఫోమ్ స్పాంజిలా నీరు పీల్చుకుని రేకును లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. ముచ్చటపడి మళ్లీ మళ్లీ రంగు వేస్తే వెనక భాగం బరువెక్కి ట్యాబ్ బ్యాలెన్స్ మారుతుంది. ప్రెషర్ వాషర్‌తో కడిగితే విమానం తళతళలాడుతుంది, కీళ్లలోని గ్రీజు మాత్రం నీటితో పాటు కొట్టుకుపోతుంది.

వీటిలో చాలావాటిని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఎలివేటర్‌ను ఒక చేత్తో కదలకుండా పట్టి, రెండో చేత్తో ట్యాబ్‌ను పైకీ కిందికీ ఆడిస్తే ప్లే, అంటే వదులు, ఎంతుందో వేలికే తెలుస్తుంది. అది తయారీదారు మాన్యువల్‌లో చెప్పిన హద్దు దాటిందా అన్నది కొలిస్తే తేలిపోతుంది. అసలు చిక్కు వేలికి తెలియనివాటితోనే. ఆటర్‌లోని ఆ నట్టు మెల్లగా తిరుగుతున్నా, ఊడే క్షణం దాకా వేలికి గట్టిగానే అనిపించి ఉంటుంది. ప్లే చూసినవాడికి అంతా బాగానే అనిపిస్తుంది. రింగు ఉందా లేదా అని దాన్ని వెతికి చూసినవాడికే తెలుస్తుంది. ‘యాక్చుయేటర్‌ను పరిశీలించాలి’ అని చెక్‌లిస్టులో ఉంటే, టార్చి వేసి తొంగి చూసి టిక్కు పెట్టడం కూడా పరిశీలనే అవుతుంది. నా అభ్యంతరం ఆ మాట మీదే. ఏ భాగం, ఏ తాళం, ఏ స్థితిలో ఉండాలి అని పేరు పెట్టి రాయని తనిఖీ సంతకం కోసం చేసే తనిఖీ. బోర్డు 2022 అక్టోబరులో అత్యవసర సిఫార్సు చేశాక గానీ ఆటర్లన్నిటిలో ఆ రింగును పేరు పెట్టి చూడమన్న ఆదేశం రాలేదు.

అయితే అన్నీ విప్పి చూడండి అనడం సులువే. విప్పినది మళ్లీ బిగించాలి కదా! 2003 ఆగస్టు 26న మసాచుసెట్స్‌లోని హయానిస్ దగ్గర కోల్గన్ ఎయిర్ బీచ్ 1900డీ విమానం మరమ్మతు తర్వాత మొదటి ప్రయాణంలోనే కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. ఎలివేటర్ ట్రిమ్ కేబుల్ మార్చినప్పుడు అటుది ఇటు అయింది. చక్రం ఒకవైపు తిప్పితే ట్యాబ్ రెండోవైపు కదిలింది. మాన్యువల్‌లోని బొమ్మే తప్పు. పని అయ్యాక చక్రం తిప్పి తోక దగ్గర నిలబడి సరిగ్గా చూసి ఉంటే పట్టుబడేది. ఎగిరే ముందు చెక్‌లిస్టు ప్రకారం పైలట్లు చూసినా పట్టుబడేది.

ఈ కేసు చూపి, పాత విమానాన్ని కెలక్కపోవడమే మేలనే మెకానిక్కులున్నారు. ఆ మాటలో అనుభవం ఉంది గానీ అది సగమే. కెలికినవాడే ‘సరిగ్గా ఉంది’ అని సర్టిఫై చేయడం దగ్గరే చిక్కు ఉంది. కంట్రోళ్ల మీద చెయ్యి పడితే రెండో వ్యక్తి స్వతంత్రంగా చూసి సంతకం చేయాలన్న నిబంధన ఆస్ట్రేలియాలో, కెనడాలో ఉంది. మన దేశంలోనూ ‘డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్’ విమాన నిర్వహణ ఇంజినీర్లకు (ఏఎంఈలకు) పాత మాటే. అమెరికాలో మాత్రం పెద్ద విమానాలు నడిపే సంస్థలకు అది తప్పనిసరి, సొంత చిన్న విమానాలకు కాదు. చిన్న విమానాలు అక్కడే ఎక్కువ, వాటి నియమాలు అక్కడే వదులు. ఊరవతల ఎయిర్‌స్ట్రిప్పులో ఒంటరి మెకానిక్ రెండో మనిషిని ఎక్కణ్నుంచి తెస్తాడన్నది అక్కడివాళ్ల వాదన. లైసెన్సున్న పైలటైనా సరే, చక్రం తిప్పితే రేకు ఎటు కదిలిందో చూసి చెప్పలేడా?

బేగంపేటలో సెస్నా ఎక్కి మొదటి పాఠం నేర్చుకునే మన పిల్లలకు ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి చూడటం నేర్పుతారు. టైరు, ఇంధనం, ఆయిల్ అందరూ చూస్తారు. తోక దగ్గర వంగి ఆ పొట్టి గొట్టం చివరి బోల్టుకు స్ప్లిట్ పిన్ ఉందా అని చూసేవాళ్లు ఎందరో శిక్షకులే చెప్పాలి. చూసినా వాళ్లకు కనిపించేది పిన్ దాకానే. ఆటర్ నట్టుకు ఆ రింగు తప్ప రెండో తాళమే లేదని బోర్డు ఎత్తిచూపే నాటికి, ఆ మోడల్ విమానాలు 70 ఏళ్లుగా ఎగురుతున్నాయి.