టిక్కీ మోసే మెడకు డిగ్రీల తీర్పు

"మిషన్ అబద్ధం చెప్పదమ్మా. మీ మెడలో వంపు పోయింది. ఇక సెల్‌ఫోన్ తగ్గించండి."

మొన్న పల్నాడులో ఓ కల్యాణ మండపంలో పెట్టిన ఉచిత మెడనొప్పి శిబిరంలో, తెల్లకోటు వేసుకున్న ఒక కుర్రాడు ఒక నడివయసు ఆవిడతో అన్న మాట ఇది. ఆవిడ మిర్చి తొడిమలు తీసే కూలీ. బొటనవేలి గోరు పక్కన చర్మం ఎర్రగా కమిలి, పగిలి ఉంది. ఆవిడ చేతిలో ఉన్నది బటన్ల ఫోను. ఆ కుర్రాడు ఆ చెయ్యీ చూడలేదు, ఆ ఫోనూ చూడలేదు. "ఏం పని చేస్తావమ్మా, రోజుకు ఎన్ని గంటలు తల వంచుకుని కూర్చుంటావు" అని ఒక్క మాట అడగలేదు. తన ఫోన్‌తో ఫోటో తీసి కోణం కొలిచాడు, చీటీ రాశాడు, ఎక్స్‌రేకి పంపాడు.

ఎక్స్‌రే గదిలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి నేను. ఆ చీటీ చూస్తే నాకు ఒళ్లు మండింది. మెడ ఎలా ఉందో బొమ్మ తీసి, కోణం కొలిచి, ఆ అంకెతో నొప్పికి కారణం తేల్చెయ్యొచ్చన్న నమ్మకం గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఇప్పుడు ప్రతి సందులోనూ పాతుకుపోయింది. ఈ నమ్మకం తప్పు. తప్పని ముందుగా చెప్పాల్సింది బొమ్మలు తీసిన మాలాంటి వాళ్లమే.

ముందు ఆ ఫోన్ ఫోటో సంగతి. మనిషిని పక్కకు తిప్పి నిలబెడతారు. చెవి రంధ్రం ముందుండే చిన్న బొడిపె దగ్గర ఒక చుక్క, మెడ కింద పొడుచుకొచ్చే ఏడో పూస దగ్గర ఇంకో చుక్క. రెంటినీ కలిపిన గీతకూ అడ్డగీతకూ మధ్య కోణం తీస్తారు. క్రేనియోవర్టిబ్రల్ యాంగిల్ అని దానికో పెద్ద పేరు. పద్ధతి ప్రకారమైతే ఏడో పూసను వేలితో తడిమి పట్టుకుని, చర్మం మీద గుర్తు అంటించి, కెమెరాను స్టాండు మీద నిటారుగా పెట్టి తియ్యాలి. శిబిరంలో ఏం జరిగింది? ఆవిడది జారుముడి. పైటకొంగు మెడ చుట్టూ తిప్పి దోపుకుని ఉంది. ఆ కొంగు మీద, ఏడో పూస ఎక్కడుందో తెలియని చోట, ఫోన్ తనంతట తానే చుక్క పెట్టేసింది. పట్టుకున్న చెయ్యి కాస్త వాలినా, మనిషి భుజం కాస్త ఇటు తిరిగినా ఆ అంకె మారిపోతుంది. అలాంటి అంకెను పట్టుకుని ఒక కూలీ మనిషికి "నీ మెడ పాడైంది" అని చెప్పడానికి నోరెలా వచ్చింది?

ఎక్స్‌రే అయితే నమ్మొచ్చు కదా అంటారు. ఎక్స్‌రే ఎలా తీస్తామో చెబుతాను, వినండి. పక్క నుంచి తీసే మెడ ఫిల్ముకు గొట్టాన్ని ఆరడుగుల దూరంలో పెడతాం, బొమ్మ సాగి పెద్దదిగా పడకుండా. భుజాలు కిందికి వదిలెయ్యమంటాం. దిగకపోతే రెండు చేతులకూ బరువు సంచులిచ్చి లాగిస్తాం. దవడ ఎముక పూసల మీద పడకుండా గడ్డం కాస్త ఎత్తమంటాం. ఎదురుగోడ చూడమంటాం. ఊపిరి వదిలి ఆగమంటాం. అప్పుడు మీట నొక్కుతాం. ఇన్ని చెప్పి నిలబెట్టాక ఆ ఫిల్ములో పడేది మేం పెట్టించిన భంగిమ. పొద్దున్నించి మిర్చి రాశి ముందు కూర్చున్న మెడ అందులో ఎక్కడుంది? గడ్డం కాస్త దించితే చాలు, ఏ జబ్బూ లేని మెడ కూడా ఫిల్ములో నిటారుగా కనిపిస్తుంది. నొప్పితో వచ్చినవాడు బిర్రబిగుసుకుని నిలబడితే ఆ బిగువే ఫిల్ములోకి ఎక్కుతుంది. దానికి "మెడ వంపు కోల్పోవడం" అని రిపోర్టు టైపై వస్తుంది.

ఇక కొలత. 1948లో న్యూయార్క్ డాక్టరు జాన్ కాబ్ పక్కకు వంకర తిరిగిన వెన్నును కొలవడానికి ఒక గీతల పద్ధతి చెప్పాడు. దాన్నే తర్వాత మెడకు తెచ్చారు. రెండో పూస కింద ఒక గీత, ఏడో పూస కింద ఒక గీత, రెంటి మధ్య కోణం. ఇందులో రెండో పూస బదులు మొదటి పూస నుంచి గీశారనుకోండి, అదే ఫిల్ము మీద అంకె బాగా పెరిగిపోతుంది. పూసల వెనక అంచులు పట్టుకుని గీసే పద్ధతి మరొకటుంది, దానికి వేరే అంకె వస్తుంది. ఏ పద్ధతిలో కొలిచారో రాసిన రిపోర్టు మా చుట్టుపక్కల నాకైతే కనబడలేదు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది హమాలీల ఫిల్ములు. ఏళ్ల తరబడి బస్తాలు మోసినవాడి భుజాలు గట్టిగా, ఎత్తుగా, బలిసి ఉంటాయి. ఎన్ని బరువులిచ్చి లాగినా ఏడో పూస ఆ భుజాల నీడలోంచి బయటికి రాదు. కొన్నిసార్లు ఆరో పూస కూడా సగమే కనిపిస్తుంది. కనిపించని పూసకు గీత గీసేదెలా? అయినా గీస్తారు. ఊహించి గీస్తారు, లేదా ఆరో పూసతోనే సరిపెట్టి ఆ మాట రిపోర్టులో రాయరు. ఈ నేల మీద అందరికన్నా ఎక్కువ బరువు పడే మెడ ఏదో, సరిగ్గా ఆ మెడ దగ్గరే ఈ కొలత చేతులెత్తేస్తోంది.

ఇది నమ్మదగ్గ కొలతేనని చదువుకున్నవాళ్లు వాదిస్తారు. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా గీసినా దగ్గర దగ్గర అంకెలే వస్తాయని పరిశోధనల పేర్లు చెబుతారు. వస్తాయి, ఒకే ఫిల్ము మీద గీసినప్పుడు. అదే మనిషిని మర్నాడు మళ్లీ నిలబెట్టి ఇంకో ఫిల్ము తీసి కొలవండి, అప్పుడు మాట్లాడదాం. పోనీ, అంకె మారలేదనే ఒప్పుకుందాం. అంత మాత్రాన ఆ అంకెకూ నొప్పికీ చుట్టరికం కుదిరిందా?

కుదరలేదని ఎప్పుడో తేలింది. 1986లో అమెరికాలో గోర్, ఆయన తోటి డాక్టర్లు మెడనొప్పి ఏమీ లేని 200 మందికి ఎక్స్‌రేలు తీశారు. 60 నుంచి 65 ఏళ్ల వయసు మగవాళ్లలో 95 శాతం మందికి, ఆడవాళ్లలో 70 శాతం మందికి ఫిల్ములో అరుగుదల కనిపించింది. నొప్పి మాత్రం లేదు. 2007లో గ్రోబ్ బృందం నొప్పి ఉన్న 54 మందినీ లేని 53 మందినీ పక్కపక్కన పెట్టి మెడ వంపు కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. 2015లో జపాన్‌లో నకషిమా బృందం ఏ బాధా లేని 1211 మందికి ఎమ్మారై తీస్తే 87.6 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపించింది. ఇరవైల్లో ఉన్న కుర్రవాళ్లలోనే అది నూటికి డెబ్భై పైన ఉంది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్న సంగతులే. చదివిన డాక్టర్లు మన దగ్గరా ఉన్నారు. అయినా రిపోర్టులో "వంపు పోయింది, డిస్క్ ఉబ్బింది" అని రెండు ముక్కలు పడగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఆ పైన మెడపట్టీ, ప్రత్యేకం దిండు, నెలల తరబడి కరెంటు వైద్యం. పట్టీ వారాల తరబడి వదలకుండా కట్టుకుంటే మెడ కండలు మరింత నీరసిస్తాయన్న సంగతి పట్టీ అమ్మేవాడు చెప్పడు.

ఎమ్మారై ముచ్చట ఇంకో ఘోరం. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద ఆసరా పెట్టి తీసే బొమ్మ అది. పడుకున్న మెడను చూసి నిలబడ్డ మెడ వంపు గురించి తీర్పు రాస్తున్నారు. మా బంధువుల్లో ఒకావిడ మిర్చి కోతల్లో కూడబెట్టుకున్న కూలి డబ్బంతా ఒక స్కానింగ్ సెంటర్లో ఇలాంటి బొమ్మకే ధారపోసింది. పంపించింది ఊళ్లోని ఆర్‌ఎంపీ. పంపినందుకు వాటా పుచ్చుకోవడం తప్పని 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలోనే ఉంది. డిగ్రీ లేని ఆర్‌ఎంపీ ఆ నియమావళి కిందికి రాడు, కాబట్టి ఆయన్ని అడిగేవాడు లేడు. వాటా ఇచ్చేవాణ్ణీ ఎవరూ అడగడం లేదు.

సెల్‌ఫోన్ ఉపన్యాసం దగ్గరికి వద్దాం. బడుల్లో, కాలేజీల్లో ఈ మధ్య ప్రతి వక్తా ఒక పటం చూపిస్తున్నాడు. తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోల భారం పడుతుందట. ఆ అంకె 2014లో న్యూయార్క్ సర్జన్ కెన్నెత్ హన్సరాజ్ రాసిన పత్రంలోది. కంప్యూటర్ నమూనాలో లెక్క కట్టిన అంకె అది. బతికున్న మనుషుల మెడల్లో ఎవరూ కొలవలేదు, ఎవరికి నొప్పి వచ్చిందో ఎవరికి రాలేదో అందులో చూడనేలేదు. 2018లో బ్రెజిల్‌లో 18 నుంచి 21 ఏళ్ల లోపు 150 మందిని, ఫోన్ చూసేటప్పుడు మెడ ఎలా వంచుతున్నారో గమనించి పరీక్షిస్తే, ఆ వంపుకూ మెడనొప్పికీ సంబంధం కనిపించలేదు. ఇది ఏ పటంలోనూ ఉండదు. పిల్లలు ఫోన్ వదలడం లేదని పెద్దలకు కోపం. ఆ కోపానికి ఎముకల డాక్టరు సాక్ష్యం కావాలి, అందుకే ఈ 27 కిలోలు ఇంతగా చెల్లుబాటైంది. పిల్లల చదువు గురించి, నిద్ర గురించి బెంగ ఉంటే ఆ మాటే నేరుగా చెప్పండి, మెడపూసల్ని మధ్యలోకి లాగొద్దు.

లెక్కలో తేలిన 27 కిలోలకు ఇంత గగ్గోలు పెట్టేవాళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏ రోజైనా గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి నిలబడండి. తేజా, 334, బాడిగ, ఏ రకమైనా సరే, నలభై కిలోలకు అటూ ఇటూ తూగే టిక్కీని, అంటే మిర్చి బస్తాను, మెడ వెనకా వీపు మీదా వేసుకుని, తల ముందుకు వంచి, లారీ మీదికి వేసిన చెక్క ఎక్కుతుంటారు హమాలీలు. ఘాటుకు తుమ్ము వచ్చినా ఆగే వీలుండదు, వెనకవాడు ఎక్కుతుంటాడు. కోల్డ్ స్టోరేజీల్లో అదే టిక్కీతో అంతస్తులు ఎక్కుతారు. షెడ్డుల్లో ఆడవాళ్లు నేల మీద రాశి ముందు కూర్చుని, తొడిమ తీస్తూ, తాలుకాయ పక్కకు వేస్తూ పొద్దుగూకే దాకా తల ఎత్తరు. కిలోకింత అని కూలి గనక ఎత్తితే నష్టం. పర్చూరు, మార్టూరు చేలల్లో పత్తి తీసేవాళ్లు నిండిన ఒడితో సాలు చివరి దాకా వంగే నడుస్తారు. ఇదంతా బహిరంగంగా, పట్టపగలు, అందరి కళ్ల ముందు జరిగే పని. ఈ మెడల మీద ఎంత బరువు ఎంతసేపు పడుతోందో తెలుసుకోవడానికి ఏ కిరణాలూ అక్కర్లేదు. కాటా ఉంది, గడియారం ఉంది. కూలివాడికి గాయం చేసే బరువు మోయించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ అప్పుడే చెప్పింది. ఆ మాటను యార్డు గేటు దాకా తీసుకొచ్చిన శిబిరం ఒక్కటీ నేను చూడలేదు.

బొమ్మ అసలే వద్దని నేను అనడం లేదు. చెట్టు మీంచో లారీ మీంచో పడ్డవాడికి, చెయ్యి పట్టు తప్పుతున్నవాడికి, నడకలో కాళ్లు తేలిపోతున్నవాడికి, జ్వరంతో బరువు తగ్గుతూ మెడ నొప్పెడుతున్నవాడికి బొమ్మ వెంటనే తియ్యాలి. వెన్నులో క్షయ మన దగ్గర లేని జబ్బేమీ కాదు. దెబ్బ తగిలినవాళ్లలో ఎవరికి ఫిల్ము కావాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చే నియమాలను 2001లోనే కెనడా డాక్టర్లు తయారు చేశారు. అలాంటివి వాడుకోండి.

మిగతావాళ్లకు చెయ్యాల్సింది వేరే చోట ఉంది. టిక్కీ బరువు తగ్గించొచ్చు. తొడిమల షెడ్డులో రాశిని నేల మీంచి లేపి బల్ల మీదికి తేవచ్చు, గంటకోసారి లేచి తిరిగేలా కూలి లెక్క మార్చొచ్చు. ఖర్చు ఎవరు పెట్టాలో మార్కెట్ కమిటీ, వ్యాపారులు, హమాలీల ముఠా సంఘాలు కూర్చుని తేల్చుకోవాలి. ఇక శిబిరాలు పెట్టేవాళ్లు ఫోన్ తియ్యకముందు మనిషిని రెండు ప్రశ్నలు అడగాలి: ఏం మోస్తావు, ఎంతసేపు వంగుతావు. తర్వాత కూడా కోణం కొలవాలనే పట్టుదల ఉంటే, ఏ పూస నుంచి ఏ పూస దాకా కొలిచారో, ఏడో పూస అసలు కనిపించిందో లేదో, మళ్లీ తీస్తే ఎన్ని డిగ్రీలు అటూ ఇటూ కావచ్చో రిపోర్టు మీద తెలుగులో రాసి సంతకం పెట్టండి.