టికెట్ ఫ్రీ సరే.. బస్టాప్ నుంచి ఇంటి దాకా భద్రత ఏది?

ఆధార్ కార్డు చూపిస్తే చాలు.. కండక్టర్ జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతారు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి, ఏపీలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి.. ఈ రెండు పథకాలతో మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు బస్సు ఛార్జీల భారం తప్పింది. మరి ప్రయాణం సేఫ్ అయిందా? అసలు ప్రశ్న ఇదే.

ఫ్రీ టికెట్ ఎందుకంత ముఖ్యం?

మగవాళ్ల ప్రయాణం చాలావరకు ఇల్లు-ఆఫీసు, ఆఫీసు-ఇల్లు. మహిళలది అలా కాదు. పిల్లల్ని స్కూల్లో దింపాలి, పనికి వెళ్లాలి, వచ్చేటప్పుడు కూరగాయలు, మధ్యలో అత్తమామల్ని ఆస్పత్రికి తీసుకెళ్లడం.. ఇలా రోజుకు రెండు మూడు బస్సులు మారాల్సిందే. ఎక్కిన ప్రతిసారీ టికెట్ కొనాలంటే జీతంలో పెద్ద వాటా దానికే పోతుంది. అందుకే పథకం హిట్ అయింది. కానీ బస్సులు మారేకొద్దీ స్టాపుల్లో వెయిటింగ్ కూడా పెరుగుతుంది. రద్దీ వేళల్లో కిక్కిరిసిన బస్సులోనే వేధింపులకు ఛాన్స్ ఎక్కువ. అంటే బస్సుల సంఖ్య పెంచడం కూడా భద్రత కిందకే వస్తుంది.

రూల్ ఉంది.. ఆటోకు లేదు!

2019 జనవరి 1 నుంచి రిజిస్టర్ అయ్యే కొత్త ప్రజా రవాణా వాహనాలకు లొకేషన్ ట్రాకింగ్ డివైస్, ఎమర్జెన్సీ బటన్ తప్పనిసరి అని కేంద్రం రూల్ పెట్టింది. అయితే టూ వీలర్లు, ఆటోలు, ఈ-రిక్షాలకు మినహాయింపు ఇచ్చింది. రాత్రి తొమ్మిదింటికి రాయదుర్గంలో మెట్రో దిగిన అమ్మాయి ఆ తర్వాత ఎక్కేది ఏంటి? ఆటో, లేదంటే బైక్ ట్యాక్సీ. రిస్క్ ఎక్కువున్న చోటే రూల్ ఆగిపోయిందన్నమాట.

పోలీసులు ఉన్నారుగా?

ఉన్నారు. హైదరాబాద్‌లో 2014లో షీ టీమ్స్ వచ్చాయి. ఒంటరిగా వెళ్లే మహిళల ప్రయాణాన్ని పోలీసులు ట్రాక్ చేసేలా 2024లో టీ-సేఫ్ మొదలైంది. ఇవి అవసరమే. కానీ 2019 నవంబర్‌లో దిశ ఘటన చెప్పిన పాఠం వేరు. రాత్రిపూట, శివారు రోడ్డు మీద, బండి పంక్చరై నిలబడిపోయిన మహిళకు అక్కడ దిక్కు లేకపోవడమే నేరగాళ్లకు అవకాశమైంది. వీధి దీపాలు, జనసంచారం, టైముకు వచ్చే బస్సు ఉంటే ఆ అవకాశం తగ్గుతుంది.

ఏం చేయాలి?

రాత్రి 7:30 దాటాక గ్రేటర్ హైదరాబాద్‌లో మహిళలు అడిగిన చోట సిటీ బస్సు ఆపాలని ఆర్టీసీ గతంలోనే చెప్పింది. ఖర్చు లేని పని ఇది. ప్రతి డ్రైవర్, ప్రతి రూట్‌లో పాటిస్తే చాలు. ఫ్రీ బస్సుతో గిరాకీ తగ్గిందని ఆందోళన చేస్తున్న ఆటోడ్రైవర్లను స్టాపుల నుంచి కాలనీలకు ఫీడర్ సర్వీసులుగా నడిపిస్తే.. వాళ్లకు ఉపాధి, మహిళలకు తెలిసిన బండి. గర్భిణులు, వృద్ధులు ఎక్కగలిగేలా మెట్ల ఎత్తు తగ్గిన బస్సులు కావాలి. కండక్టర్లుగా మహిళలు చాలామందే ఉన్నారు, డ్రైవర్ సీట్లో మాత్రం అరుదు. అదీ మారాలి.

జీరో టికెట్ మహిళను బస్సు ఎక్కించింది. ఆమె ఇల్లు చేరాకే ప్రయాణం పూర్తయినట్టు.

ఎమర్జెన్సీ అయితే 112, మహిళా హెల్ప్‌లైన్ 181.. ఈ రెండు నంబర్లూ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.